నాలుగవ చుక్క

చిరంజీవియైన మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

తేదీ: విడువబడినది. ఊరు: విడువబడినది.

తేదీ, ఊరు లేని ఉత్తరం తల లేని మొండెమని ముప్పైఆరేళ్ళు పిల్లలకు బోధించినవాణ్ణి. ఈ రోజు ఆ మొండేన్ని నా చేతులతో నేనే పోస్టు చేస్తున్నాను. కారణం నీవు. మా పోస్టుమాన్ కవర్లను ఎండకు పట్టి చూస్తాడని నాకు చిరకాలంగా అనుమానం. "కేసు" అన్న మాట పక్కన నా ఊరు పేరు కనబడడం నాకు ఇష్టం లేదు.

ఇక విషయం. నీ ప్రొబేషన్ అధికారిణి నుంచి నిన్న నాకొక నోటీసు వచ్చింది. నీ సత్ప్రవర్తనకు పూచీ పడి బాండు మీద సంతకం చేసింది నేనే కనుక నాకు తెలియజేశారట. "గ్రంథాలయపు బోర్డును పాడుచేసిన నేరముపై మీ మేనల్లునిమీద కొత్త కేసు నమోదు చేయబడినది." అంతే, ఒకే వాక్యం. చివర సంతకం, ముద్ర.

నాయనా, నీ పాత నిర్వాకం నీకు గుర్తు చేయవలసిన పని లేదనుకున్నాను. చేయవలసి వచ్చింది. నీ పాత యజమాని దుకాణం షట్టరు మీద ఆయన బొమ్మ గీసి, దానికి గాడిద చెవులు తగిలించి, దిగేటప్పుడు నిచ్చెన జార్చి, ఆయన అద్దాల తలుపు బద్దలుకొట్టావు. కోర్టు నీకు ఆరు నెలల జైలు వేసింది. వేసి, నా తెల్ల వెంట్రుకలు చూసి కాబోలు, దాన్ని పక్కన పెట్టింది. ఏడాదిపాటు బుద్ధిగా ఉండు, ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టు, మరో కేసులో ఇరుక్కున్నావో ఆ ఆరు నెలలూ అనుభవించవలసిందే అని చెప్పి పంపింది. ఎనిమిది నెలలు గడిచాయి. ఇంకో నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చోలేకపోయావా? (చెవులు బాగా కుదిరాయని చూసినవాళ్ళందరూ అన్నారు. అది వేరే సంగతి.)

నేను కంటి పరీక్షకు నీ దగ్గరికి వచ్చి మూడు వారాలైనా కాలేదు. నీవు ఎదురుగా మందుల దుకాణానికి బోర్డు వ్రాస్తుంటే, నేను ఆ గ్రంథాలయం వరండాలోనే కూర్చున్నాను. ఆ బోర్డు నేనూ చూశాను. దాన్ని వ్రాసినవాడి చేత ఒక్కొక్క పదం వెయ్యిసార్లు వ్రాయించాలి. నా ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండడం వేరు, బోర్డు విరగగొట్టడం వేరు. ఆ తేడా నీకు ఎనిమిదో తరగతిలోనే చెప్పాననుకుంటాను.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె మిషను తొక్కుతుండగా వచ్చిన ఉత్తరమల్లా నేను పైకి చదవడం మన ఇంటి అలవాటు కదా. నోటీసు దగ్గర మాత్రం కరెంటు బిల్లని అబద్ధమాడాను. "కరెంటు బిల్లుకి మొహం ఇంత మాడిందేంటన్నయ్యా?" అంది. ప్రస్తుతం ఆమె ధ్యాసంతా నా తెల్లచొక్కా మీద ఉంది. కుడిచేతి పట్టీకి ఎర్రసిరా అంటిందట, ఎంత ఉతికినా పోవడం లేదట. సబ్బు కంపెనీవాళ్ళ ఏడు తరాలనూ తిడుతోంది.

నిజం వ్రాయి. అక్షరదోషాలు లేకుండా వ్రాయి.

ఇట్లు,
నీ మేనమామ,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు.

* * *

ఆరో తేదీ, శుక్రవారం

మామయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మామయ్యా, మీరు మామూలు మనిషి కాదు! తేదీ లేదు, ఊరు లేదు. ఆ మొదటి వరస చూడగానే నాకు అర్థమైంది. బోర్డు విరగగొట్టడం గురించి నన్ను కడిగి పారేసిన చోట ఇంకా బాగా అర్థమైంది. చివర్లో ఆ సిరా మరక మాట తెచ్చారు చూడండి, అక్కడ పూర్తిగా అర్థమైంది. ఇంత తెలివిగా ఉత్తరం రాసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అసలు?

ప్రొబేషన్ మేడమ్‌కి కూడా చూపించాను. చదివి కళ్ళజోడు తీసి, "పాపం పెద్దాయనకి ఏమీ తెలీదు" అంది. అలాగే ఉండనివ్వండి. మీరు నోరు మెదపకండి, నేను మెదపను.

ఇక్కడి సంగతులు చెప్తాను. ఇప్పుడు సోమవారంతో పాటు గురువారం కూడా సంతకం. ఊరి పొలిమేర దాటకూడదు. మా ఓనరు మంచోడే గానీ, "కేసు తేలేదాకా బ్రష్షు ముట్టుకోకురా బాబూ, నా షాపు పేరు కూడా పేపర్లో వస్తుంది" అని చేతికి ఇసుక కాగితం ఇచ్చాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా పాత బోర్డులు గీకుతున్నాను. నా పెట్టె, ఎర్ర ఎనామిల్ డబ్బా, మూడో నంబరు బ్రష్షు అన్నీ పోలీసులు సీలు వేసి పట్టుకెళ్ళారు. "అయ్యా, ఆ బ్రష్షు టర్పెంటైన్‌లో ముంచి పెట్టండి, లేకపోతే కుచ్చు గట్టిపడిపోతుంది" అంటే కానిస్టేబులు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. సాక్ష్యాన్ని శ్రద్దగా చూసుకోవాలి కదా, నేనన్నదాంట్లో తప్పేముంది?

ముప్పయ్యో తేదీ సోమవారం కోర్టు. పాత ఆరు నెలలు నిద్ర లేపాలా వద్దా అనేది ఆ రోజు తేలుస్తారు. మీరేం కంగారు పడకండి. నేను లెక్కేసుకున్నాను. ఆరు నెలలంటే నూట ఎనభై రోజులు. జైలు గోడల మీద కూడా సూక్తులు రాయాలి కదా, పనికి కొదవుండదు.

అమ్మకి కరెంటు బిల్లనే చెప్పండి.

మీ మేనల్లుడు

* * *

చిరంజీవికి ఆశీస్సులు.

తేదీ, ఊరు: పూర్వవత్.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "అర్థమైంది" అని మూడుసార్లు వ్రాశావు. నాకు ఒక్కసారీ కాలేదు. ఏమి అర్థమైంది? ఎవరికి తెలివి? నోరు మెదపవద్దని మేనమామతో అంటావా? నీవు ఎవరితోనో కలిసి చేసిన పనిలో నన్ను కూడా కలుపుకుంటున్నట్టుంది నీ ధోరణి. ముప్పైఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో అందుకోనివాణ్ణి నేను. అందుకున్న ఒక్క కాగితం వీడ్కోలు సన్మానపత్రం. అందులోనూ రెండు తప్పులుంటే దిద్ది తిరిగి ఇచ్చాను.

నీ లేఖలోని దోషాలు: "శ్రద్ద" కాదు, "శ్రద్ధ". దకారానికి ధకారపు ఒత్తు. శ్రద్ధ అన్న మాటలోనే శ్రద్ధ చూపనివాడు ఇంకెక్కడ చూపుతాడు? "వరస" కాదు, "వరుస". ఒక్కటి మాత్రం మెచ్చుకుంటాను. "అర్థము" అన్న మాట మూడుచోట్లా తప్పు లేకుండా వ్రాశావు. థకారం కడుపులో చుక్క మూడుసార్లూ పడింది. చిన్నప్పుడు నిన్ను బెంచీ ఎక్కించింది వృథా పోలేదు.

మీ అమ్మకు తెలిసిపోయింది. అలవాటుకొద్దీ నీ ఉత్తరం పైకి చదవడం మొదలుపెట్టాను. "మేడమ్" దగ్గరికి వచ్చేసరికి పొరపాటు తెలిసింది కానీ, వాక్యం మధ్యలో ఆపడం నా వల్ల కాదని నీకు తెలుసు. మిషను ఆగిపోయింది. తర్వాత దారం పళ్ళతో తెంపి అన్నది కదా: "నా కొడుకు బోర్డు విరగ్గొట్టడన్నయ్యా. వాడికి కోపమొస్తే బొమ్మేస్తాడు. విరగ్గొట్టిన తలుపు కూడా వాడు విరగ్గొట్టింది కాదు, నిచ్చెన విరగ్గొట్టింది."

తల్లుల వ్యాకరణంలో కొడుకు ఎప్పుడూ కర్త కాడు. ఆ సంగతి అలా ఉంచు. అభియోగపత్రం నకలు నాకు పంపు. పూచీదారుగా చూసే హక్కు నాకుంది.

ఇట్లు,
నీ మేనమామ.

* * *

పన్నెండో తేదీ, గురువారం

మామయ్యకి నమస్కారాలు.

అంటే, మీకు నిజంగా తెలీదా?

నిన్నటి నుంచీ మీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. బోర్డులు గీకుతూ ఆలోచించాను. మీరు తెలిసే రాస్తున్నారనుకున్నాను మామయ్యా. మీరు నన్ను తిడుతుంటే, అబ్బ ఏం రక్తి కట్టిస్తున్నారు అనుకున్నాను. మీరు నిజంగానే తిడుతున్నారన్నమాట.

సరే. అయితే నేను మొన్న రాసిందంతా మరిచిపోండి. అందులో అర్థం చేసుకోడానికి ఏమీ లేదు. బోర్డు పాడైంది, నేను పట్టుబడ్డాను, అంతే. విరగలేదు, చెక్కుచెదరకుండా ఉంది. ఏదో చిన్న రంగు మరక.

అభియోగపత్రం నకలు నేను పంపను. అయినా లాభం లేదు, ఇవాళ సంతకానికి వెళ్తే మేడమే చెప్పింది, "పూచీదారుకి మేమే పంపిస్తాం, రూలు" అని. వస్తే చదవకండి. జిరాక్సు సరిగ్గా పడలేదు, మీ కళ్ళకి మంచిది కాదు. డాక్టరు ఏం చెప్పాడు? సన్నక్షరాలు చదవొద్దన్నాడా లేదా?

అమ్మని ఒకటి అడగండి. ఆ తెల్లచొక్కా ఉతకడం ఆపేయమనండి. పాత చొక్కా కదా, నిచ్చెన తుడవడానికి నాకు పనికొస్తుంది.

మీ మేనల్లుడు

* * *

చిరంజీవికి ఆశీస్సులు.

తేదీ, ఊరు: ఇప్పటికీ విడువబడే ఉన్నవి. కారణం మాత్రం మారింది. ఉత్సాహంలో తేదీ చూసుకోలేదు.

అభియోగపత్రం వచ్చింది. చదివాను. ఎర్రసిరాతో పదమూడు తప్పులు దిద్దాను. తర్వాత గట్టిగా నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే మీ అమ్మ సూది వేలికి గుచ్చుకుని నన్నొక మాట అంది. అది వ్రాయను.

వాళ్ళు వ్రాసినది వ్రాసినట్టు ఇస్తున్నాను: "గ్రంధాలయము, విద్యార్ధులకు, ప్రార్ధన, అర్ధదినము అను నాలుగు పదములలో ఎర్రరంగు చుక్కలు పెట్టబడి, బోర్డు విరూపము చేయబడినది. నాలుగవ చుక్కకు తోకవంటి చార గలదు. ముద్దాయి టర్పెంటైన్ గుడ్డతో నాలుగవ చుక్కను చెరపబోవుచుండగా కాపలాదారుచే పట్టుకొనబడినాడు."

చూశావా? పెట్టబడి, చేయబడినది, పట్టుకొనబడినాడు. అంతా కర్మణి ప్రయోగమే! కర్త ఏడీ? కర్మణి వాక్యంలో కర్త తలుపు చాటున దాక్కుంటాడని తరగతిలో చెప్పేవాణ్ణి. వీళ్ళు కర్తను పట్టుకోలేక నిన్ను పట్టుకున్నారు.

ఓరి పిచ్చివాడా, ఆ కర్తను నేనే! ఆ రోజు నీవు ఎదురుగా నిచ్చెన మీద ఉన్నావు. నా కళ్ళలో డాక్టరు చుక్కల మందు వేసి మూడు గంటలు ఏమీ చదవవద్దన్నాడు. చదవకుండా కూర్చోవడం ఎలాగో నాకు తెలియదు. దూరంగా ఉన్న పెద్ద అక్షరాలు మాత్రం కనబడుతున్నాయి. "గ్రంధాలయము"! పుస్తకాలుండే ఇంటి నొసట తప్పు! దాని కింద "విద్యార్ధులకు ప్రత్యేక గది కలదు." దాని కింద "నిశ్శబ్దము పాటింప ప్రార్ధన." మూడు థకారాల కడుపులు ఖాళీగా ఆకలితో నన్ను చూస్తున్నాయి. నీవు చూస్తూ ఉండమని నాకు అప్పగించిన పెట్టె పక్కనే ఉంది. బ్రష్షు తీశాను, బల్ల ఎక్కాను, మూడు చుక్కలు పెట్టి దిగాను. నీకు చెప్పకుండా నీ బ్రష్షు వాడుకున్నందుకు కొంచెం మొహమాటపడి చెప్పలేదు. అంతకుమించి అది చెప్పుకోవలసిన విషయమని తోచలేదు. దిద్దడం నేరమైతే నాకు యావజ్జీవం పడాలి.

కనుక దిగులు పడకు. ముప్పయ్యవ తేదీన వచ్చి ఆ మూడు చుక్కలూ నావేనని చెబుతాను.

అయితే నాలుగవది నాది కాదు. పత్రానికి జతచేసిన బోర్డు నకలులో ఉన్నది ఇది: "శనివారము అర్ధదినము." ఇక్కడ అర్ధము అంటే సగము. సగానికి చుక్క ఉండదు. అది సరిగ్గా ఉన్న పదం! అందులో చుక్క పెడితే శనివారం నాడు గ్రంథాలయానికి అర్థం మాత్రమే మిగులుతుంది, దినం పోతుంది. ఆ చుక్క పెట్టినవాడు ఎవడో నన్ను అనుకరించబోయిన మూర్ఖుడు. పైగా దానికి తోక కూడానట! చుక్క పెట్టడం కూడా చేతకానివాడు.

నీవు కాదని నాకు తెలుసు. "అర్థమైంది" అని మూడుసార్లు తప్పు లేకుండా వ్రాసినవాడు ఆ పని చేయడు. మరి నీవు ఆ నాలుగవ చుక్కను ఎందుకు చెరపబోయావు?

ఇట్లు, కర్త,
నీ మేనమామ.

* * *

పద్దెనిమిదో తేదీ, బుధవారం

మామయ్యకి నమస్కారాలు.

మీరు రావద్దు. దయచేసి రావద్దు. కారణం చెప్తాను, కోప్పడకుండా వినండి.

కోర్టువాళ్ళు నాకు ఉచితంగా ఇచ్చిన లాయరు ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ తుమ్ముతూ ఉంటాడు గానీ బుర్ర ఉంది. పేర్లు చెప్పకుండా, "ఒకవేళ ఎవరైనా వచ్చి మూడు చుక్కలు మావి, నాలుగోది కాదు అంటే?" అని అడిగాను. ఆయన రెండుసార్లు తుమ్మి చెప్పాడు. "అప్పుడు నీ పని అయిపోయినట్టే. మొదటి మూడు చుక్కలూ తప్పుని ఒప్పు చేశాయి. వాటిని చూసి మేజిస్ట్రేటు నవ్వొచ్చు. ఒప్పుని తప్పు చేసింది నాలుగోదొక్కటే. బోర్డు పాడుచేయడం అంటే నిజంగా అదే. మూడూ ఇంకొకరివైతే ఆ ఒక్కటీ, గుడ్డతో సహా, నీ నెత్తి మీద పడుతుంది. పాత ఆరు నెలలు ఖాయం, దీనికి పడేది అదనం."

మేడమ్ కూడా అదే అంది. "నాలుగూ నావే అని అసలు మనిషి ఒకరొస్తే నీ మీద రిపోర్టు నేనే వెనక్కి తీసుకుంటాను. వాళ్ళకేమవుతుంది, మందలించి బోర్డు రాయించమంటారు. ముక్కలు ముక్కలుగా వస్తే నేనేం చెయ్యలేను."

అందుకని నేనొకటి ఆలోచించాను. నాలుగూ నేనే పెట్టానని చెప్పేస్తాను. మీరు పెట్టిన మూడూ మీ తరఫున నావి. నాలుగోది ఎటూ నాదే అనుకోండి. చేతికి ఎర్ర రంగు దొరికితే మతి పోతుంది, మీకు తెలుసు కదా. గుడ్డ ఎందుకంటారా, పెట్టాక తప్పని తెలిసింది, చెరపబోయాను. సరిపోయిందా? మీ పాఠం గుర్తొచ్చే చెరపబోయాను అనుకోండి, మీకూ గౌరవంగా ఉంటుంది.

మీ కళ్ళు జాగ్రత్త.

మీ మేనల్లుడు

* * *

మేనల్లుడికి,

ఆశీస్సులు తర్వాత.

నీ చేత నేను అబద్ధాలు వ్రాయించలేదు. అబద్ధమైనా పోనీ, అతకని అబద్ధం! నీకు ఎనిమిదేళ్ళప్పుడు అర్థానికీ అర్ధానికీ తేడా చెప్పడానికి దోసకాయను సగానికి కోసి చూపించాను. "ఇది అర్ధము. ఎందుకు కోశానో తెలిస్తే అది అర్థము" అన్నాను. సగం నీవు తిన్నావు, సగం నేను తిన్నాను. ఆ దోసకాయ తిన్నవాడు అర్ధదినంలో చుక్క పెడతాడా? కోర్టు నమ్మవచ్చు. నేను నమ్మను.

ఆ నాలుగవవాడు ఎవడో వెతుకు. ఆ కాపలాదారును అడుగు. ఎదురుగా మందుల దుకాణంవాళ్ళను అడుగు. ఆ రోజు నేను బల్ల దిగాక అక్కడ ఎవరెవరు తిరిగారు? నీవు నిచ్చెన మీదే ఉన్నావు కదా, నీకే కనబడి ఉండాలి. వాణ్ణి పట్టుకో. తోక పెట్టినవాణ్ణి తోక పట్టుకుని తీసుకురా.

నేను చేయని తప్పును నెత్తిన వేసుకోను. నీవూ వేసుకోవద్దు. జైలుకు వెళ్ళేవాడు కనీసం సరైన తప్పుకు వెళ్ళాలి.

మీ అమ్మ రెండు రోజులుగా నా చొక్కా పట్టుకుని ఏదో చెప్పబోతోంది. "అన్నయ్యా, ఇది సిరా కాదు" అంటోంది. నేను వాదనలు తయారుచేసుకుంటున్నాను, చొక్కాల గురించి వినే తీరిక లేదు.

మేనమామ.

(ఇదే కవరులో, మడత పెట్టిన కొలతల చీటీ వెనుక, పెద్ద పెద్ద అక్షరాలతో:)

నాన్నా, మీ మామయ్య కవరు అంటించకముందే ఇది లోపల పెడుతున్నాను. సిరా అయితే ఒక్క ఉతుకుతో పోతుంది. నలభై ఏళ్ళ నుంచి ఆయన సిరా మరకలు ఉతుకుతున్నాను, నాకు తెలీదా? ఇది రంగు. నీ చొక్కాల మీద ఉండే రంగే. కుడిచేతి కఫ్ కింద వైపు, వేలెడంత చార. ఎక్కడిదిరా ఇది? నిజం చెప్పు. అమ్మ.

* * *

ఇరవై నాలుగో తేదీ, మంగళవారం

అమ్మా,

ఇది నువ్వే చదువుకో. మామయ్య చేత చదివించకు.

నువ్వనుకున్నదే. నాలుగోది కూడా ఆయనే పెట్టాడు. నేను నిచ్చెన మీద నుంచి చూశాను. పై మూడింటికీ బల్లెక్కి చెయ్యెత్తాడు, చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. దిగాక కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డుని చూసి మురిసిపోయాడు. తర్వాత కింద వరస కనబడినట్టుంది. అవి సన్నక్షరాలు. కళ్ళలో మందు. మొహం బోర్డుకి ఆనించినంత దగ్గరికి వంగి, తడుముకుంటున్నట్టు ఇంకో చుక్క పెట్టాడు. లేచేటప్పుడు కఫ్ ఆ తడి చుక్క మీంచి ఈడ్చుకుపోయింది. ఆ తోక అదే. నీ సబ్బు తప్పు లేదు.

నిచ్చెన దిగి చూస్తే నాలుగోది తప్పు. చెప్పాలనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని, ఏదో పద్యం కూనిరాగం తీస్తూ, ఎంత సంతోషంగా ఉన్నాడో నువ్వు చూడాల్సింది. చెప్పలేకపోయాను. ఆయన్ని బస్సెక్కించి, టర్పెంటైన్ తీసుకుని పరిగెత్తాను. అదొక్కటీ తుడిచేస్తే ఎవరికీ తెలీదనుకున్నాను. గుడ్డ తగిలించేలోపు కాపలాదారు నా చెయ్యి పట్టుకున్నాడు.

అమ్మా, మామయ్యకి కేసంటే భయం లేదు. తప్పంటే భయం. నేను ఆరు నెలలు లోపలుండి రాగలను. ఆయన ఆ ఒక్క చుక్కతో ఒక్క రోజు ఉండలేడు. నాకిది వేస్తే ఒక కేసు, ఆయనకి వేస్తే ముప్పైఆరేళ్ళు. చొక్కా దాచెయ్. ఎవరికీ చెప్పకు.

నీ కొడుకు

* * *

ఇరవై ఆరవ తేదీ, గురువారం. ఉదయం పది గంటలు.

చిరంజీవియైన మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

తేదీ వేశాను, గమనించు. ఊరు, వీధి, ఇంటి నంబరు కవరు మీద పెద్ద అక్షరాలతో వ్రాశాను. పోస్టుమాన్ ఎండకు పట్టి చూడనక్కరలేదు, నేనే అతనికి చూపించి ఇస్తాను.

మీ అమ్మకు వ్రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. ఆమె చేతిలో ఎవరిదో పెళ్ళిచొక్కా ఉంది. "చదువన్నయ్యా" అంది. మన ఇంట్లో ఉత్తరం ఎలా చదవబడుతుందో నీకు తెలిసి కూడా హెచ్చరికను కవరు లోపల వ్రాశావు. దీన్ని తెలివి అనాలో ఏమనాలో నాకు తోచలేదు. "ఇది నువ్వే చదువుకో, మామయ్య చేత చదివించకు" అన్నంతవరకూ పైకే చదివేశాను. అక్కడ ఆపవలసింది. కానీ ఉత్తరాన్ని మధ్యలో ఆపిన పాపం నా ఖాతాలో లేదు. చివరిదాకా, "నీ కొడుకు" దాకా, చదివాను. ఒక్కచోట మాత్రం ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. అది "ముప్పైఆరేళ్ళు" అన్న మాట దగ్గర.

మిషను ఆగింది. మీ అమ్మ లేచి లోపలికి వెళ్ళి చొక్కా తెచ్చి నా ఒడిలో పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చార ఉంది. నీవు చెప్పినట్టే, కింది వైపు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతా కాదు. కింది వరుసలో సన్నగా ఏదో "అర్ధ" అని లీలగా కనిపించింది. ఆ రోజు కనబడిన ప్రతి ధకారమూ నాకు తప్పుగానే తోచింది. చేతి అలవాటుగా అదీ దిద్దేసి, బల్ల ఎక్కి పెట్టిన మూడింటినే లెక్కలో ఉంచుకుని దీన్ని మరిచిపోయాను. ముందు మాట చదవలేదు, వెనుక మాట చదవలేదు. శనివారమని చదవలేదు, దినమని చదవలేదు. వాక్యమంతా చదవకుండా పెన్ను పెట్టవద్దని ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టానో. ఆ చెవులన్నీ నిన్న రాత్రి నాకు గుర్తొచ్చాయి.

మీ అమ్మ చివరికి ఒక్క మాట అంది: "అన్నయ్యా, వాడు ఆ చుక్కకి నీ పేరు పడకూడదని జైలుకెళ్తానంటున్నాడు. నువ్వు దానికి నీ పేరు పెట్టడానికి అంత ఆలోచిస్తావేంటి?"

ఆలోచించలేదు. కొంచెం ఆలోచించాను.

ఇక, కోర్టువారి కోసం. దీన్ని నేను కర్తరి వాక్యాలలో వ్రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో తేదీ "విడువబడినది" అని వ్రాసిన పెద్దమనిషిని కూడా నేనే. ఎవరిచేత విడువబడినది? నాచేతనే. అభియోగపత్రం వ్రాసినవారిని చూసి నవ్వేముందు ఆ సంగతి చూసుకోవలసింది.

ఆ గ్రంథాలయపు బోర్డు మీద నాలుగు చుక్కలూ నేను పెట్టాను. నా మేనల్లుడి బ్రష్షు అతనికి చెప్పకుండా నేను తీశాను. అతను ఒక్క చుక్క పెట్టలేదు. అతను చేసిన నేరమల్లా తన మేనమామ తప్పును తుడవబోవడం. మూడు చుక్కలు సరైనవి. అడగకుండా ఇతరుల బోర్డు మీద పెట్టడం మాత్రం సరికాదు. నాలుగవ చుక్క తప్పు. అది నా తప్పు. కంటిలో మందు వేశారన్నది నిజమే కానీ దాన్ని సాకుగా నేను చెప్పడం లేదు. చదవలేని స్థితిలో దిద్దడానికి పూనుకోవడం ఆ తప్పులో భాగమే. బోర్డు తిరిగి వ్రాయించమంటే వ్రాయిస్తాను. వ్రాసేవాడు మా ఇంటివాడే. కోర్టువారు అతని బ్రష్షు అతనికి తిరిగి ఇప్పిస్తే చాలు. అది ఈ పాటికి గట్టిపడి ఉంటుంది, టర్పెంటైన్‌లో నానబెట్టమని అతను ముందే చెప్పాడు. వినవలసింది.

నాయనా, ఆదివారం బస్సుకు వస్తున్నాను. మీ అమ్మ కూడా వస్తోంది. చొక్కా నేను వేసుకుని వస్తాను, ఉతకవద్దని చెప్పాను. సోమవారం ఆ గదిలో నీ పక్కనే నిలబడతాను. ఈ ఉత్తరం నకలు మీ మేడమ్‌కు, తుమ్ముల లాయరుగారికి వేరుగా పంపాను.

ఒక్క సంగతి. అక్కడ నన్నే మాట్లాడమంటారు. నేను మాట్లాడితే సంధులూ సమాసాలూ అడ్డం పెట్టుకుని ఎక్కడో తప్పించుకుంటానని నా మీద నాకే అనుమానం. నాలుగవ చుక్క దగ్గరికి రాగానే నా నోరు దానంతటదే కర్మణి ప్రయోగంలోకి జారుకుంటుంది. కాబట్టి మేజిస్ట్రేటుగారి అనుమతి అడిగి, ఈ ఉత్తరాన్ని నీవు చదువు. ముప్పైఆరేళ్ళు నేను చదివితే పిల్లలు నిలబడి విన్నారు. ఈసారి నేను నిలబడి వింటాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క వాక్యం మింగకుండా, వెనుక బెంచీలో కూర్చున్న మీ అమ్మకు కూడా వినబడేలా పైకి చదువు. "అర్ధదినము" దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, చుక్క లేకుండా చదువు.